విరిగిన బండిని మళ్లీ చేశాం

ధ్యానభాగం: యిర్మీయా 18:1-4



ఒక ఆటబొమ్మ కారు గురించి సంఘ పత్రికలో రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. కాని ఆ కారు మా ఇంట్లో ఒక గాయాన్ని బయటపెట్టింది, దాన్ని మాన్పడానికి దారి కూడా చూపింది. మాలాంటి తల్లిదండ్రులకు పనికొస్తుందని, చేతిపని ఇష్టపడే పిల్లలకు నాలుగు మెలకువలు తెలుస్తాయని ఈ సంగతి రాస్తున్నాం.

మాది వడ్డాది. బుచ్చెయ్యపేట మండలం, చోడవరం నియోజకవర్గం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేవరకు మేము విశాఖపట్నం జిల్లా వాళ్లం. చెరకు, వరి పండించుకునే ఇల్లు. పోయిన క్రిస్మస్సుకు అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మేనమామ ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో ఒక పాత ఫోర్డు కారు ముక్కలు ముక్కలుగా ఉంది. నూరుకు పైగా ప్లాస్టిక్ భాగాలు, చట్రాలకు అంటుకొని ఉన్నాయి. ఒక్కొక్కటే విడదీసి, అరగదీసి, అతికించుకోవాలి. 1932లో ఫోర్డు కంపెనీ చేసిన కారుకు అది ఇరవై అయిదో వంతు నమూనా.

తొమ్మిదో తరగతి చదువుతున్న మావాడు దాని మీద కూర్చుంటే అన్నానికి పిలిచినా పలికేవాడు కాదు. సంక్రాంతి నాటికి కారు ఒళ్లు, తలుపులు, కప్పు నిలబడ్డాయి. అంతలో బడిలో మార్కులు ఇచ్చారు. లెక్కల్లో తప్పాడు.

ఆ సాయంత్రం జరిగింది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "చదువు గాలికొదిలేసి బొమ్మలతో ఆడుకుంటావా? నువ్వెందుకూ పనికిరావు" అని అరచి, బల్ల మీద ఉన్న కారును చేత్తో ఈడ్చి కింద పడేశాం. ముందు అద్దం చట్రం రెండు పక్కలా విరిగింది. ఒక చక్రం ఎటు పోయిందో ఇప్పటికీ దొరకలేదు. మా ఇద్దరిలో ఆ చెయ్యి ఎవరిదని అడగవద్దు. ఒకరు విరిచారు, ఒకరు చూస్తూ ఊరకున్నారు. అందుకే 'మేము' అంటున్నాం.

వాడు ఏడవలేదు. ముక్కలన్నీ ఏరి పెట్టెలో వేసి, "తుప్పల్లో పారెయ్యండమ్మా" అన్నాడు. ఆ తర్వాత మూడు వారాలు మాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

బల్ల దగ్గర ఆగిపోయాం

ఫిబ్రవరి మొదటి ఆదివారం సంఘంలో ప్రభువు బల్ల. రొట్టె మా వరుస దగ్గరకు వచ్చేసరికి, బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు కొండమీద చెప్పిన సంగతి జ్ఞాపకం వచ్చింది (మత్తయి 5:23, 24). అక్కడ చెప్పింది సహోదరుని గురించి. మా పక్కన కూర్చున్నది మా బిడ్డ. మేమిద్దరం ఆ రోజు బల్లలో పాలు పొందలేదు.

ఇంటికి రాగానే వాణ్ణి కూర్చోబెట్టి, "మేము చేసింది తప్పు నాన్నా. కారు విరగ్గొట్టడం ఒక తప్పు, పనికిరావు అనడం అంతకంటె పెద్ద తప్పు. క్షమించు" అన్నాం. పిల్లలకు క్షమాపణ చెబితే అలుసైపోతామని పెద్దలు కొందరు అంటారు. పిల్లలకు కోపము పుట్టించవద్దని, వారి మనస్సు క్రుంగకుండా చూడాలని అపొస్తలుడైన పౌలు తండ్రులకే రాశాడు గదా (కొలొస్సయులకు 3:21). వాడు ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, "చక్రం లేకుండా ఎలా నాన్నా?" అన్నాడు. మా ప్రార్థనకు జవాబు ఆ ప్రశ్నలోనే దొరికింది.

పాత కార్లను మార్చిన కుర్రాళ్లు

పని మొదలుపెట్టే ముందు అసలు ఈ కారు కథ ఏమిటో వాడే చదివి మాకు చెప్పాడు. 1932లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టి, సామాన్యుడు కొనగలిగిన ధరకు కారు అమ్మింది. ఆ ఇంజను బలం 65 గుర్రాలు. కొన్నేళ్లకు అవి పాతబడి చవకగా దొరికేవి. అమెరికాలో కాలిఫోర్నియా కుర్రాళ్లు ఆ పాత కార్లు కొని, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు ఊడదీసి, గాలి తక్కువ తగిలేలా కప్పు కోసి కిందికి దించి, ఇంజను తమ చేతులతో మార్చి, ఎండిపోయిన చెరువుల వంటి బయళ్లలో పరుగెత్తించేవారు. వాటికే హాట్ రాడ్ అని పేరు. రెండవ ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన యువకులతో ఈ పని ఇంకా పెరిగింది. కొందరు ఊరి వీధుల్లో పందేలు పెట్టి ప్రాణాల మీదికి తెచ్చుకోవడంతో, పందేలను వీధుల నుండి తప్పించి నియమాల కిందికి తేవడానికి 1951లో ఒక జాతీయ సంఘం ఏర్పడింది.

ఆ కార్లు కొనలేని పిల్లల కోసం నమూనాల పెట్టెలు వచ్చాయి. 1958లో ఏ.ఎమ్.టి. అనే కంపెనీ ఒకే పెట్టెలో మూడు విధాలుగా కట్టుకునే భాగాలు ఇచ్చింది. కారు ఉన్నదున్నట్టు కట్టవచ్చు, సొంతంగా మార్చుకోవచ్చు, పందెపు కారు చేసుకోవచ్చు. అంతకు ముందే, 1930 నుండి 1968 వరకు, ఫిషర్ బాడీ అనే కార్ల సంస్థ అమెరికా బాలురకు నమూనాలు చేసే పోటీ నడిపింది. మొదటి ఏళ్లలో రాజులెక్కే గుర్రపు బండి నమూనా, తర్వాత సొంత ఊహతో కారు నమూనా చెయ్యాలి. గెలిచినవాళ్లకు కాలేజీ చదువుకు డబ్బు. ఆ పోటీలో చేతులు తిరిగిన పిల్లల్లో పలువురు పెద్దయ్యాక కార్లకు రూపం ఇచ్చే పనిలోనే స్థిరపడ్డారు. బొమ్మ చెయ్యడం వట్టి కాలక్షేపం కాదని మాకు అప్పుడు తెలిసింది.

మనవాళ్లూ తక్కువేమీ కాదు. హైదరాబాదులో సుధాకర్ యాదవ్ గారు పాత సామానుతో వంకాయ, క్రికెట్ బ్యాటు, బూటు ఆకారాల్లో నడిచే కార్లు తయారుచేసి, 2010లో ఒక మ్యూజియమే తెరిచారు. ఆయన 2005లో చేసిన మూడు చక్రాల సైకిలు ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది.

విరిగిన చోటే కోత

విరిగిన అద్దం చట్రాన్ని ఎన్నిసార్లు అతికించినా అతుకు కనబడుతూనే ఉంది. అప్పుడు మా ఇంటి పెద్దాయన, అంటే మావాడి తాత, అరుగు మీద నుంచి చూసి, "ఇరిగిన్దగ్గిరే కొయ్యరా మనవడా. కొత్త కోత పడితే పాత ఇరుగు కనపడదు" అన్నాడు. ఆయన ఒకప్పుడు ఎడ్లబళ్లు బాగుచేసినవాడు. ఆ మాటతో మా పని దారిలో పడింది. అమెరికా కుర్రాళ్లు అందం కోసం కోసిన కప్పును మేము గాయం కప్పడానికి కోశాం.

ఇరవై అయిదో వంతు కొలతలో ఒక సులువుంది. అసలు కారులో అంగుళం, నమూనాలో ఇంచుమించు ఒక మిల్లీమీటరు అవుతుంది. కప్పు నాలుగు అంగుళాలు దించాలంటే స్తంభాల్లో నాలుగు మిల్లీమీటర్లు తీసెయ్యాలి. విరుగు ఆ నాలుగు మిల్లీమీటర్లలో పడేటట్టు గీత గీశాం. అన్ని స్తంభాల చుట్టూ ఒకే ఎత్తున టేపు అంటించి, టేపు అంచునే సన్నని రంపపు బ్లేడుతో కోశాం. తొందరపడి నొక్కితే ప్లాస్టిక్ పగులుతుంది. బ్లేడు తన బరువుతో తానే తెగాలి.

కోశాక ఒక చిక్కు వచ్చింది. కారు స్తంభాలు నిట్టనిలువుగా ఉండవు, కొంచెం లోపలికి వాలి ఉంటాయి. మధ్యలో ముక్క తీసేసరికి పై కొసలు కింది మొదళ్లకు ఎదురుపడలేదు. మావాడు కాగితం మీద గీసి చూసి, "నాన్నా, కప్పును అడ్డంగా కోసి మధ్యలో చిన్న పట్టీ వేస్తే పొడవు సరిపోతుంది" అన్నాడు. పాత ప్లాస్టిక్ కార్డు నుంచి పట్టీ కోసి అతికించాం. సందుల్లో ఎమ్-సీల్ పెట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, గరుకు కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దాం. వేలితో తడిమితే తెలియనంత వరకు రుద్దాలి. కంటికి కనబడని గతుకు రంగు వేశాక బయటపడుతుంది.

ఇంజను పొగగొట్టాలను ఇంటి వైరింగులో మిగిలిన రాగి తీగతో వంచాం. ఎనిమిది సిలిండర్లు కదా, పక్కకు నాలుగు గొట్టాలు ఉండాలని మేమన్నాం. మావాడు ఒప్పుకోలేదు. ఆ కాలపు ఫోర్డు ఇంజనులో నడిమి రెండు సిలిండర్లకూ పొగ బయటికి పోయే దారి ఒక్కటే, కాబట్టి పక్కకు మూడే గొట్టాలు. పెట్టెలోని ఇంజను చూస్తే వాడు చెప్పిందే నిజం. ముందు అద్దానికి కొత్త చొక్కా పెట్టె మీది పారదర్శకపు రేకు ముక్క సరిపోయింది. సీటుకు పాత సంచి రెక్సిను వాడాం.

చక్రాల కోసం ఏటికొప్పాక

పోయిన చక్రం ఒక్కటే. కాని మూడు ప్లాస్టిక్ చక్రాల పక్కన నాలుగోది వేరుగా ఉంటే అతుకులబొంతలా ఉంటుంది. నాలుగూ కొత్తవి చేయించాలనుకున్నాం. చక్రాలు తిప్పే చేతులు మన జిల్లాలోనే ఉన్నాయి. ఒక శనివారం బస్సులు మారి ఏటికొప్పాక వెళ్లాం.

వరాహ నది ఒడ్డున, ఎస్. రాయవరం మండలంలో ఉన్న ఈ ఊరు లక్కబొమ్మలకు పేరు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయనపు రంగులు విడిచి మళ్లీ చెట్టు రంగులతో బొమ్మలు చేయించడానికి ఎన్నో ఏళ్లు పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే.

అక్కడ ఒక పనివాడి దగ్గర కూర్చున్నాం. అంకుడు కర్ర మెత్తనిది, చెక్కడానికి లొంగుతుంది. బాగా ఆరిన కర్రనే వాడతారు. పచ్చి కర్ర అయితే తర్వాత బిగిసి పగులుతుంది. కర్రను లేతు మిషనుకు బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తే పొట్టు రిబ్బను లాగా లేస్తుంది. రూపం వచ్చాక, రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు నొక్కుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ మీదట మొగలి ఆకుతో అదిమి నునుపు చేస్తారు. కుంచె లేదు, రంగు డబ్బా లేదు. పసుపు కొమ్ముల నుంచి పసుపురంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమొక్క నుంచి నీలం. పసిబిడ్డ నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ కావాలంటే ఇలాంటి రంగే వాడాలని ఆయన చెప్పాడు.

"చక్రాలు ఏ కొలత బాబూ?" అని ఆయన మావాణ్ణే అడిగాడు. వాడు చీటీ తీశాడు. హాట్ రాడ్‌కు వెనక చక్రాలు పెద్దవి, ముందువి చిన్నవి. వెనక 30 అంగుళాలు, ముందు 26. ఇరవై అయిదుతో భాగించి, వెనక 30 మిల్లీమీటర్లు, ముందు 26 అని రాసుకున్నాడు. అంగుళాన్ని సెంటీమీటర్లలోకి మార్చి, భాగారం చేసి, మిగిలిన ముక్కలు కొట్టివేసిన లెక్కంతా చీటీ వెనక ఉంది. లెక్కల్లో తప్పాడని మేము కారు విరగ్గొట్టిన పిల్లవాడి లెక్క అది. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ఇరుసు కోసం చక్రం నడుమ రెండు మిల్లీమీటర్ల బెజ్జం పెట్టించాం. సైకిలు స్పోకు మందం అంతే గనుక అదే ఇరుసు అయింది. టైరు వరకు నల్ల లక్క, లోపల నారింజ. లక్కపని అంతా కర్ర లేతు మీద ఉన్నప్పుడే పూర్తి కావాలి. ఆ వేడి ప్లాస్టిక్‌కు తగిలితే కరిగిపోతుంది. ప్లాస్టిక్‌ను అతికించే జిగురు కర్రకు పట్టదు కాబట్టి చక్రాల దగ్గర ఆరల్డైట్ వాడాం.

ఇంట్లో ప్రయత్నించేవారికి

ఇలాంటి పెట్టె అందరికీ దొరకదు, దొరకనక్కరలేదు. పాత ప్లాస్టిక్ కార్డులు, తీగ, స్పోకు, అట్ట, కర్రముక్క చాలు. కొన్ని జాగ్రత్తలు మాత్రం మరువకండి.

1. బ్లేడు పని పెద్దవాళ్ల ముందే చెయ్యాలి. కోత ఎప్పుడూ చేతికి అవతలి వైపుకు సాగాలి.

2. జిగురు, రంగు వాసన తలకెక్కుతుంది. అరుగు మీద, గాలి ఆడేచోట కూర్చోండి. దీపం, పొయ్యి దగ్గర వద్దు.

3. థిన్నరు, గోళ్లరంగు తుడిచే మందు ఈ రకం ప్లాస్టిక్‌ను తినేస్తాయి. ముందు పనికిరాని ముక్క మీద వేసి చూడండి.

4. రంగు ఒకేసారి దట్టంగా వెయ్యక, పలుచగా మూడు నాలుగు పూతలు వెయ్యండి. పూతకూ పూతకూ మధ్య ఆరనివ్వండి.

5. పిల్లవాడి పని పిల్లవాణ్ణే చెయ్యనివ్వండి. మీరు పట్టుకొని నిలబడితే చాలు.

సండే స్కూలు ఉపాధ్యాయులకు ఒక సలహా. నోవహు ఓడ కొలతలు ఆదికాండము 6వ అధ్యాయంలోనే ఉన్నాయి. పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. మూరకు 45 సెంటీమీటర్లు వేసుకొని మూడు వందల వంతు చేస్తే, పొడవు 45 సెంటీమీటర్లు, వెడల్పు ఏడున్నర, ఎత్తు నాలుగున్నర. ఆ కొలతలో మనిషి అర సెంటీమీటరు కంటె కొంచెం ఎక్కువ, బియ్యపు గింజంత ఉంటాడు. మూడు అంతస్తులు, పక్కన తలుపు పెట్టి అట్టతో చేయించండి. దేవుడు రక్షించడానికి కట్టించిన ఓడ ఎంత పెద్దదో ఆ గింజను పక్కన పెట్టినప్పుడు పిల్లలు కళ్లారా చూస్తారు.

కుమ్మరి సారె దగ్గర

ఇప్పుడా కారు మా బల్ల మీద, బైబిలు పక్కన ఉంది. దగ్గరగా చూస్తే ఎడమ తలుపు పైన ఒక సన్నని గీత కనిపిస్తుంది. అది మేము సరిగా రుద్దని చోటు. మావాడు దాన్ని సరిచెయ్యనన్నాడు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. లెక్కల్లో ఈసారి గట్టెక్కాడు. గొప్ప మార్కులేమీ కావు, కాని తెలియనిది తెలియదని ఇప్పుడు మాతో చెప్పగలుగుతున్నాడు. మా మధ్య పోయిన మాట తిరిగి వచ్చింది, అది మార్కుల కంటె ఎక్కువ.

యిర్మీయా కుమ్మరి ఇంటికి వెళ్లినప్పుడు, సారె మీద కుండ చెడిపోయింది. కుమ్మరి ఆ మట్టిని పారవెయ్యలేదు. దానితోనే మరో కుండ చేశాడు. మనమో, పాడైనదాన్ని ఎంత త్వరగా తుప్పల్లో పారేస్తాం! వస్తువులనే కాదు, పిల్లలను కూడ మాటతో పారేస్తాం. ప్రత్యక్షపు గుడారం పనికి దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపాడని నిర్గమకాండము 31వ అధ్యాయం చెబుతోంది. బంగారం, వెండి, రాయి, కర్ర చెక్కే చేతులను దేవుడు అంతగా గౌరవించాడు. మన రక్షకుడు కూడ నజరేతులో వడ్లవాడని పేరు పొందినవాడు. అలాంటప్పుడు పుస్తకంలో వెనకబడి, చేతిలో ముందున్న పిల్లవాణ్ణి పనికిరానివాడు అనడానికి మనమెవరం?

మీ ఇంట్లోనూ విరిగినది ఏదైనా ఒక పెట్టెలో మూతపడి ఉండవచ్చు. ముందుగా మీరే వెళ్లి, తప్పైందని చెప్పండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పెట్టె మూత తీయండి. మనలను పారవెయ్యక మళ్లీ చేసిన ప్రభువు మీ ఇంటి బల్ల దగ్గర కూడ కూర్చుండును గాక. ఆమేన్.